మా ఇంటి వంకర తుపాకి

నాంపల్లిలో మా ఇంటికి వచ్చిన మనిషి చిరుతపులి కథ వినకుండా గడప దాటింది లేదు. గ్యాస్ బండ తెచ్చినవాడు విన్నాడు. ఓటర్ల జాబితా సరిచూడడానికి వచ్చిన టీచరమ్మ విన్నది. మా అల్లుడు పెళ్లికి ముందు ఒకసారి విని, పెళ్లయ్యాక ఎన్నిసార్లు విన్నాడో లెక్కపెట్టడం మానేశాడు. చెప్పేవాణ్ని నేనే. గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని, పేరు శశికిరణ్. మా ఇంట్లో తుపాకి ఉంది, నేను పనిచేసిన చోటి పేరులోనూ తుపాకి ఉంది, అంతకు మించి నాకూ తుపాకులకూ సంబంధం లేదు. ఉన్న సంబంధమంతా నోటితోనే.

కథ చిన్నది. మా తాత వెంకటేశం నిజాం కాలంలో టాల్‌బరీ అనే ఇంగ్లీషు దొరతో వేటకు పోయాడు. పొదలోంచి చిరుతపులి దొర మీదికి దూకింది. తాత దొర చేతిలోని తుపాకి లాక్కుని ఒక్క దెబ్బకు దాన్ని పడగొట్టాడు. దొర కళ్లనీళ్లు పెట్టుకుని ఆ తుపాకినే తాతకు బహుమతిగా ఇచ్చాడు. అదే మా హాల్లో గోడకు వేలాడిన రెండు గొట్టాల ఇంగ్లీషు తుపాకి. నమ్మనివాళ్లకు గొట్టాల మీద చెక్కిన అక్షరాలు చూపించేవాణ్ని. టాల్‌బరీ, లండన్. దొర పేరూ ఊరూ తుపాకి మీదే ఉన్నాక ఇంకేం సాక్ష్యం కావాలి?

తుపాకికి ఒక్కటే లోపం. అది వంకర.

గొట్టాలు నిటారుగానే ఉండేవి. వెనక భుజానికి ఆనించే కర్ర మాత్రం కొంచెం ఎడమకు ఒరిగి ఉండేది. పైగా పొట్టి. భుజానికి పెట్టుకుంటే చూపు గొట్టాల మీదికి వచ్చేది కాదు. పేలిస్తే కర్ర వచ్చి చెంప మీద కొట్టేది. హైదరాబాదు ఎండలకు కర్ర వంగిందని మా నాన్న నిర్ణయించాడు. ఏటా ఎండాకాలం దానికి నువ్వుల నూనె పట్టించి, బల్ల మీద పడుకోబెట్టి, ఇసుక సంచి బరువు పెట్టేవాడు. నాన్నకు చేతకాకపోయాక ఆ బాధ్యత నాకు వచ్చింది. నేను చదువుకున్నవాణ్ని కదా, ఇసుక సంచికి బదులు ఇడ్లీ పిండి రుబ్బే పాత రాయి పెట్టాను. కర్ర వెంట్రుకవాసి కూడా కదల్లేదు. మా ఆవిడకు రాయి దొరక్క ఇడ్లీలు మాత్రం ఆగిపోయాయి.

నాన్న ఆ తుపాకితో ఒకసారి శామీర్‌పేట దగ్గర తాటిచెట్టును గురిచూసి కాల్చాడు. తాటిచెట్టు ఇప్పటికీ ఉందని విన్నాను. నేను ఒక స్నేహితుడి పొలంలో గోడ మీది కుండను కాల్చాను. కుండ ఉంది, దాని వెనక ఎత్తున ఉన్న నీళ్ల ట్యాంకు పోయింది. వారం రోజులు చెంప నల్లగా కమిలి ఉంటే, బ్యాంకులో అడిగినవాళ్లందరికీ తుపాకి దెబ్బ అని గర్వంగా చెప్పాను. ఎవరు కాల్చారు అని మా మేనేజరు అడిగాడు.

దసరాకు ఆయుధపూజ. తుపాకిని గోడ మీంచి దించి పీట మీద పెట్టేది మగవాళ్లు. పసుపూ కుంకుమా పెట్టేది మా మేనత్త అనసూయ. ఎనభై దాటిన మనిషి, తాతకు మిగిలిన ఒక్కగానొక్క బిడ్డ. మామ చిన్న వయసులోనే పోతే పుట్టింటికి తిరిగొచ్చి, మమ్మల్నందరినీ ఎత్తి పెంచింది. ఆమెది పుర్రచేతి వాటం. ఎంత జాగ్రత్తగా ఉన్నా కుంకుమ భరిణె దగ్గరికి ఎడమ చెయ్యే ముందు పోయేది. ఏటా నేను అందరి ముందూ నవ్వుతూ అనేవాణ్ని: "కుడిచేత్తో పెట్టు అత్తమ్మా, మంచిగుంటది." ఆమె మాట్లాడకుండా చెయ్యి మార్చుకునేది. బొట్టు వంకరగా పడేది. నేను దాన్ని కూడా తుపాకి వంకర ఖాతాలోనే వేసేవాణ్ని.

నాన్న పోయాక అసలు తిప్పలు మొదలయ్యాయి. లైసెన్సు నాన్న పేరు మీద ఉండేది. కొత్త లైసెన్సు వచ్చేదాకా తుపాకి ఇంట్లో ఉండకూడదన్నారు. తీసుకెళ్లి అబిడ్స్‌లో ప్రసన్నకుమార్ గారి ఆయుధాల దుకాణంలో భద్రపరిచాను. దరఖాస్తు నా పేరు మీద పెట్టాను. ఆఫీసులో ఒక మెలిక చెప్పారు. తుపాకి మొదట తాతది కాబట్టి, బతికి ఉన్న ఆయన బిడ్డ తనకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. పెట్టకపోతే గడువు దాటాక తుపాకి పోలీసుల ఆయుధాగారానికి పోతుంది. అక్కడికి పోయింది మళ్లీ ఇంటికి రాదని అందరూ చెప్పారు.

కాగితం పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పోయాను. ఆమె బీరకాయలు చెక్కు తీస్తూ తలెత్తకుండా అన్నది: "తుపాకి చూసినంక పెడ్త."

"చూసేదేముందత్తమ్మా, రోజూ చూసిందేనాయె."

"గోడ మీద చూసిన. చేతుల పట్టుకొని చూడాలె."

ముసలితనపు చాదస్తం అనుకున్నాను. ఆటోలో అబిడ్స్ దాకా ఆమెను తీసుకుపోయే ఓపిక నాకు లేకపోయింది. ఎందుకంటే నేను చాలా ముఖ్యమైన పనిలో ఉన్నాను. తుపాకి పుట్టుపూర్వోత్తరాలు తవ్వుతున్నాను.

దరఖాస్తులో ఈ ఆయుధం మీ కుటుంబానికి ఎలా వచ్చింది అని ఒక గడి ఉంది. గడి చిన్నది, నా కథ పెద్దది. అందుకని విడిగా కాగితాలు జతచేద్దామని, ఆధారాలు సంపాదించడానికి బయల్దేరాను. మొదట ప్రసన్నకుమార్ గారి దగ్గర కూర్చున్నాను. వాళ్ల తండ్రి బందరు నుంచి వచ్చి ఈ దుకాణం పెట్టాడట. ఆయన గొట్టాల మీద మా డెబ్బై ఏళ్ల పసుపూ కుంకుమా బ్రష్షుతో గీకి, అద్దం పెట్టి చూసి, చల్లగా అన్నాడు:

"టాల్‌బరీ అంటే దొర పేరు కాదండీ. తుపాకి తయారుచేసిన కంపెనీ పేరు."

మా దొర కాస్తా కంపెనీ అయిపోయాడు. అయినా తేరుకున్నాను. "అయితే దొరే ఆ కంపెనీ యజమాని అయ్యుంటడు."

ప్రసన్నకుమార్ గారు వ్యాపారి. ఎదుటివాడి ముఖం చూసి మాట్లాడడం వచ్చినవాడు. "అయ్యుండొచ్చండీ. ఎందుకు కాకూడదు?" అన్నాడు. ఆ ఒక్క ముక్కా నాకు చాలు.

తర్వాత పబ్లిక్ గార్డెన్‌లో పొద్దున నాతో నడిచే సోమయాజులు గారిని అడిగాను. ఆయన చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. తుపాకి ఫొటోలు ఫోనులో పెద్దవి చేసి చూసి, వంకర దగ్గర ఆగిపోయాడు. "ఇది ఎండకు వంగింది కాదండోయ్. చిరుత దూకినప్పుడు దాని బరువంతా ఈ కర్ర మీద పడుంటుంది. మీ కథకు ఇదే నిదర్శనం!" అన్నాడు. ఆ పూట నేను ఆయనకు ఇడ్లీ, వడ, పూరీ, ఫిల్టర్ కాఫీ ఇప్పించాను. చరిత్రకారుణ్ని ఎలా గౌరవించాలో నాకు తెలుసు.

అదే ఊపులో అబిడ్స్‌లో ఇత్తడి పలక ఒకటి చేయించాను. "చిరుతను సంహరించిన శ్రీ వెంకటేశం గారి ధైర్యసాహసాలకు మెచ్చి ఆంగ్ల దొర బహూకరించినది." కింద నా పేరు కూడా వేయించాను, చిన్న అక్షరాలతోనే. తాత పేరుకంటే కొంచెం పెద్దవిగా కనిపిస్తున్నాయని మా ఆవిడ అన్నది. ఆమెకు కళ్లద్దాలు మార్చాలి.

ఇక వంకర ఒక్కటే మిగిలింది. పోలీసు పరిశీలనకు ఫొటో తీస్తారు, పలకతో సహా గోడకు తగిలించాలి, వంకర తుపాకి ఏం బాగుంటుంది? ప్రసన్నకుమార్ గారు ఉపాయం చెప్పాడు. కాగిన నూనె కర్ర మీద పోస్తూ బిగింపులో పెట్టి మెల్లగా వంచితే నిటారవుతుందట. ఒకసారి వంచితే మళ్లీ పాత రూపానికి రాదు, చెక్క పాతది, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించేదేముంది, మా నాన్న, నేను రాయి పెట్టి సాధించలేనిది నూనెతో అవుతుందంటే వద్దంటానా? అనుకున్న రోజు పొద్దున ఫోనులో, "నూనె కాగబెట్టుండ్రి, నేను బయల్దేరుతున్న," అని గట్టిగా చెప్పాను.

వంటింట్లోంచి అత్తమ్మ వచ్చింది. "ఏం కాగవెడ్తున్రు రా?"

"తుపాకి వంకర తీయిస్తున్నత్తమ్మా."

ఆమె ముఖం ఒక్కసారిగా తెల్లబోయింది. చేతిలో గరిటె అక్కడే కిటికీలో పెట్టి చెప్పులు వేసుకున్నది. "నడువు."

"నువ్వెందుకత్తమ్మా ఈ ఎండల..."

"నడువంటున్నగద!"

ఆమె నన్ను గద్దించి నాకు తెలిసి నలభై ఏళ్లయింది. ఆటోలో నా పక్కన కొంగు బిగించి కూర్చుని, నాంపల్లి స్టేషన్ దగ్గర బండ్లు ఆగిపోతే డ్రైవర్ భుజం తట్టి, "జర తొందర పోనియ్యి బిడ్డా, ఆడ కాల్చుతున్రు," అన్నది. ఎవరి దహనానికో పోతున్నామనుకున్నాడో ఏమో, పాపం, అతను హారన్ మీంచి చెయ్యి తీయలేదు. నేను మాత్రం ఈ వయసులో అత్తమ్మకు మతి తప్పుతోందని, ఏ డాక్టరుకు చూపించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

దుకాణం వెనక గదిలో నూనె పొగ వస్తున్నది. తుపాకి గొట్టాలు తీసి పక్కన పెట్టారు, కర్ర బిగింపులో ఉన్నది. ప్రసన్నకుమార్ గారు లేచి, "రండమ్మా, కూర్చోండి, చల్లగా ఏమన్నా తెప్పిస్తాను," అన్నాడు.

"ముందుగల్ల ఆ కర్రను ఇడ్వుండ్రి," అన్నది అత్తమ్మ.

ఆయన నావైపు చూశాడు. నేను కళ్లతోనే, ముసలావిడ, సర్దుకుపోండి అన్నట్టు చూశాను. కర్రను బిగింపులోంచి తీసి, గొట్టాలు తగిలించి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "బరువుంటుందమ్మా, నేను పట్టుకుంటాను," అన్నాడు.

ఆమె వినలేదు. తుపాకిని తీసుకుని, బొటనవేలితో మీది మీట నెట్టి, మధ్యకు మడిచి తెరిచింది. రెండు గొట్టాల్లోనూ తూటాలు లేవని వెలుతురుకు పెట్టి చూసుకున్నది. నాకు ఆ మీట ఎక్కడుంటుందో ఇప్పటికీ వెతుక్కోవాల్సి వస్తుంది. టప్పున మూసి, కిటికీ వైపు తిరిగి, ఎడమ భుజానికి ఎత్తింది.

తుపాకి వచ్చి సరిగ్గా ఆమె చెంప కింద కూర్చున్నది. ఆ వంకర ఎటు పోయిందో పోయింది. కర్ర ఆమె ఎడమ చెంపకు తగ్గట్టుగా పక్కకు జరిగి, కన్నును గొట్టాల నడుమకు తెచ్చి పెట్టింది. పొడవు కూడా ఆమె పొట్టి చేతికి అతికినట్టు సరిపోయింది. బయట పెద్ద పోస్టాఫీసు వైపు నుంచి పావురాలు లేస్తే, గొట్టాలు మెల్లగా వాటి వెంట కదిలాయి. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. నేను ఒక కన్ను మూసుకుని ట్యాంకును పగలగొట్టినవాణ్ని.

ప్రసన్నకుమార్ గారు గొంతు సవరించుకుని, "ఇది ఎడమచేతివాటం వాళ్లకు కొలతలు తీసి చేయించిన తుపాకండీ," అన్నాడు, ఇప్పుడే కనిపెట్టినట్టు. పైకి తీసి అద్దంతో చూసినప్పుడు ఆ మాట అననే లేదు మహానుభావుడు. నేను కోరినదే చూశాడు.

అత్తమ్మ తుపాకి దించి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నది. ఆయాసపడుతున్నది. నీళ్లు తాగి అన్నది: "వంకరెక్కడిది రా శశీ. మీరు ఉల్ట పట్టుకున్నరు, అంతే."

"మరి దొర... చిరుతపులి..."

"చిరుత లేదు, దొర లేడు. మా నాయిన గీ అబిడ్స్‌లనే ఒక తుపాకుల దుకాణంల గుమాస్తా. గా దుకాణం ఇప్పుడు లేదు, ఎన్నడో మూతవడ్డది. ఒక జాగీర్దారు బేగం పుర్రచేతిదట. కొలతలు తీసుకొని లండన్‌ల చేపిచ్చిన్రు. అది ఓడల వచ్చేసరికి ఈడ జాగీర్లు పొయినయి. తీస్కపోనీకి ఎవ్వరు రాలె. వేరేటోళ్లు కొందామంటె భుజానికి కుదరకపాయె. దుకాణం మూసెటప్పుడు సేటు నాయినకిచ్చేసిండు. నాయిన ఇంటికి తెచ్చి నా చేతుల వెట్టిండు. 'ఎవ్వరికి పనికిరాలె బిడ్డా, నీకైతె సరిపోతది,' అన్నడు."

బేగం అనే మాట వినగానే నా బుర్రలో కొత్త కథ ఒకటి మొలకెత్తిందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. బేగం ప్రాణాలను తాత కాపాడి... అంతవరకు పోయాను కూడా. అత్తమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

"ఆదివారం ఆదివారం గండిపేట దిక్కు తీస్కపొయ్యేటోడు. కుండ పెంకులు పైకి ఇసిరేటోడు. ఒక్కటి కూడ కింద పడకుండ కొట్టేదాన్ని. గప్పుడు నేను పరికిణీ ఏసుకునేదాన్ని. రెండేండ్లు కొట్టిన."

"మరి ఎందుకు మానేసినవత్తమ్మా?"

"పెండ్లి చూపులకు వచ్చిన్రు కాచిగూడ నుంచి. అంతకుముందు నుంచే అమ్మ నా ఎడమ చెయ్యి బట్టతోని కట్టేసి కుడిచేత్తోని తినుడు నేర్పింది. మీ మామోళ్ల నాయిన గోడ మీద తుపాకి చూసి, గిదెవరిదని అడిగిండు. నేను తలుపెనక చాయ్ పట్టుకొని నిలవడ్డ. నాయిన ఏం చెప్తడో అని చూస్తున్న." ఆమె కర్ర మీద చెయ్యి వేసి రాసింది. "నాయిన తలవంచుకున్నడు. తరువాత చిరుతపులిని పుట్టిచ్చిండు."

అదీ మా కథ పుట్టిన చోటు. అడవిలో కాదు, మా హాల్లోనే, చాయ్ కప్పుల మధ్య. దాన్ని తాత ఒక్కసారి చెప్పాడు, తలవంచుకుని. నాన్న కొన్నిసార్లు చెప్పాడు. దానికి దొర కన్నీళ్లు పెట్టింది మాత్రం నేనే. ఆమె వింటుండగా, ఆమె చేతి చాయ్ తాగుతూ, వచ్చిన ప్రతివాడికీ చెప్పాను.

"ఇన్నేండ్లు ఒక్కమాట చెప్పకపోతివి!" అన్నాను.

"నన్నెవ్వరు అడిగిన్రు? తుపాకి యాడికెల్లి వచ్చిందని పార్కుల నడిచెటోళ్లను అడిగినవు, దుకాణమోళ్లను అడిగినవు. నేను నీ ముంగటనే బీరకాయ గీక్కుంట కూసున్న."

నాకు ఏడుపొచ్చింది. ప్రసన్నకుమార్ గారి ముందు ఏడవడం ఇష్టంలేక, నూనె పొగ కళ్లలో పడిందన్నాను. ఆయన మర్యాదస్తుడు. పొయ్యి ఆర్పించాడు.

తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను, "సంతకం పెడ్తవా అత్తమ్మా?"

"నాకు అభ్యంతరం లేదని ఎట్ల పెడ్త రా? ఉన్నదాయె."

కోపంగా అనలేదు. అన్నం వడ్డించేటప్పుడు కూర అయిపోయిందని చెప్పినట్టు అన్నది. నేను ఇంటికి వచ్చి నా దరఖాస్తు, జతచేసిన నా చరిత్ర కాగితాలతో సహా, వెనక్కి తీసుకున్నాను. కొత్తది ఆమె పేరు మీద రాశాను. ఈ ఆయుధం మీ కుటుంబానికి ఎలా వచ్చింది అన్న గడిలో ఆమె చెప్పిన మాట రాస్తే, గడిలో ఇంకా చోటు మిగిలింది: మా నాయిన నాకు ఇచ్చిండు. ఇత్తడి పలక ఊగిపోయే ఫ్రిజ్ కాలి కింద పెట్టింది మా ఆవిడ. ఎన్నాళ్లనుంచో అంత మందం ముక్క కోసం చూస్తున్నదట.

పరిశీలనకు పోలీసు అధికారి ఒకాయన ఇంటికి వచ్చాడు. దరఖాస్తుదారు ఎవరని నావైపు చూస్తే, నేను అత్తమ్మను చూపించాను. ఆయన కాగితం మళ్లీ చదువుకున్నాడు. "ఈ వయసుల తుపాకి ఎందుకమ్మా? ఎవరినుంచన్న ఫికరా?"

"ఫికర్ ఏం లేదు సార్. కాల్చనీకి కూడ కాదు. నాది గాబట్టి అడుగుతున్న."

ఆయన ఆమెకు పెన్ను ఇచ్చాడు. లైసెన్సు ఇస్తారో ఇవ్వరో తన చేతిలో లేదు, కాగితాలు పైకి పంపుతానన్నాడు. అత్తమ్మ పెన్నును కుడిచేత్తో అందుకున్నది. ఒక్కక్షణం ఆగి ఎడమచేతిలోకి మార్చుకున్నది. అనసూయ అని రాసింది. ఆమె సంతకం వంకరటింకరగా ఉంటుందని నేను రేషన్ కార్డు మీద, పింఛను కాగితం మీద ఎన్నిసార్లు నవ్వానో. ఇది గీత గీసినట్టు ఉంది.

అధికారి ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టాడు. "ఇంట్ల మగమనిషి మీరే గద సార్. ఆమె పేరు మీదికి పోతే మీకు అభ్యంతరం లేదని ఈడ ఒక సంతకం పెట్టుండ్రి."

నేను పెన్ను తీసుకున్నాను. అత్తమ్మ పక్కకు వంగి, నవ్వుతూ, అందరూ వినేటట్టు అన్నది:

"కుడిచేత్తోనే పెట్టు బిడ్డా, మంచిగుంటది."